ఆయుధ పూజ నాడు సర్వరుకు సెలవు

ఇప్పుడు నా కింద ఎన్ని సర్వర్లు నడుస్తున్నాయని ఎవరైనా అడిగితే చూసుకుని గానీ చెప్పలేను. పొద్దున పుట్టి సాయంత్రానికి పోయేవే వాటిలో చాలా ఉంటాయి. వాటికి నేను పేరు కూడా పెట్టను. కానీ నాకు ఒక్కటంటే ఒక్కటే సర్వరు ఉన్న కాలం ఒకటుంది. ఆ ఒక్కదాన్నీ రోజుకు ఎన్నిసార్లు తెరిచి చూసుకునేదాన్నంటే, కొత్తగా పెళ్ళయిన పిల్ల కూడా తన వేలి ఉంగరాన్ని అన్నిసార్లు చూసుకోదు. అన్నం తింటూ ఎడమ చేత్తో చూసేదాన్ని. బస్సులో చూసేదాన్ని. చూసి చేసేదేమీ లేదు, అది నడుస్తూనే ఉండేది. అయినా పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంటే నాకు లోపల ఏదో ఎగిరి గంతేసినట్టు ఉండేది. చేతిలో ఒక్కటే ఉన్నప్పటి గర్వం వేరు. ఆ గర్వంతోనే నేను ఒక పండగ పూట నా సర్వరును చేజేతులా మాయం చేసుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకుంటే హాయిగా ఉంది గానీ, ఆ పూట మాత్రం ఏడుపు ఒక్కటే తక్కువ.

కర్నూలులో ఇంజనీరింగు ముగించుకొని వచ్చి, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ కడపలో మా మేనమామ దగ్గర చేరాను. ఊళ్ళో అందరూ ఆయన్ని మోటార్ల మామ అనేవారు (సొంత మేనకోడలిని కాబట్టి నాకు ఆ హక్కు ఇంకొంచెం ఎక్కువ). కింద కొట్టులో కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టి మళ్ళీ బతికించడం ఆయన పని. ఎండలు ముదిరే కొద్దీ మా వైపు బోర్లన్నీ రాత్రింబవళ్ళు ఆడతాయి, మోటార్లు కాలతాయి, మామకు తీరిక ఉండదు. కొట్టు మీద ఒక గది ఖాళీగా ఉంటే నాకిచ్చి, ఒక ఇంగ్లీషు బోర్డు రాయించి, ఇదే మా పాప కంప్యూటర్ ఆఫీసు అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. కింది నుంచి వార్నీషు వాసన, పైన నేను. స్కూళ్ళకు, బట్టల కొట్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టేదాన్ని.

అన్ని వెబ్‌సైట్లనూ ఎవరో ఇచ్చిన ఇరుకు చోటులో సర్ది సర్ది విసుగొచ్చి, ఒకరోజు ధైర్యం చేసి మా సొంత సర్వరు పెట్టాను. సొంతం అంటే సొంతమూ కాదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో ఆగకుండా నడిచే కంప్యూటర్లుంటాయి. వాటిలో ఒక ముక్కను మనం బాడుగకు తీసుకుంటాం. ఏ ఊరిలో కావాలి, ఎంత పెద్దది కావాలి అని అడుగుతారు. నేను బొంబాయి అన్నాను, అన్నిటికంటే చిన్నది చాలన్నాను. ఒక తాళంచెవి ఫైలు ఇచ్చారు. దాన్ని పెట్టి మా మేడ మీది లాప్‌టాప్‌లో నల్లతెర తెరిచి ఒక వరుస కొడితే, బొంబాయిలో ఉన్న మిషన్ లోపలికి వెళ్ళిపోయాను. ఏముంది లోపల? ఒక చుక్క మినుకుమినుకుమంటూ, ఏం చేయమంటావు అన్నట్టు నా కోసం కాచుకొని ఉంది. నేను లేచి గదంతా ఒక చుట్టు తిరిగి వచ్చి కూర్చున్నాను. బొంబాయిని నేను ఎన్నడూ చూడలేదు. అయినా అక్కడ నా మాట వినేది ఒకటుంది. మామను పిలిచి చూపిస్తే ఆయన తెరను తేరిపార చూసి, "ఎన్ని హెచ్.పి.ది పాపా ఇది? సింగిల్ ఫేజా, త్రీ ఫేజా?" అన్నాడు. అన్నిటికంటే చిన్నదని చెబితే ఆయన ముఖం వాడిపోయింది. బయట ఎవరికీ ఆ మాట చెప్పొద్దన్నాడు. (సర్వరు మబ్బుల్లో ఉందని ఎవరో చెబితే, ఆ మబ్బు కడపకు ఎప్పుడొస్తుందని మామ చాన్నాళ్ళు అందరినీ అడుగుతూ తిరిగాడు. ఆ జోకులన్నీ ఆయన వాటాలోకి పోయాయి కాబట్టి నేను వేయను.)

ఆ సర్వరుకు అసలైన పని తెచ్చిపెట్టింది మా కువైట్ చిన్నాయన. నాన్నకు తమ్ముడు. రాయచోటి దగ్గర మా ఊరు. మా ఊళ్ళో ఇంటికొకరు కువైట్‌లో ఉంటారంటే పెద్ద అబద్ధమేమీ కాదు. చిన్నాయన అక్కడ ఒక ఇంట్లో కారు తోలుతాడు. పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు రెండు కోడెదూడలను కొని, చిన్నమ్మ చేతికి పలుపులిచ్చి, కళ్ళు తుడుచుకొని విమానం ఎక్కాడు (కళ్ళు తుడుచుకున్నది చిన్నమ్మ కోసమో, దూడల కోసమో ఇంట్లో ఇప్పటికీ తేలలేదు). వాటికి చిన్నమ్మ పెద్దోడు, చిన్నోడు అని పేర్లు పెట్టి, సజ్జలు, ఉలవలు ఉడకబెట్టి మేపి, చేలో దుంగ కట్టి లాగించి, ఊరంతా తిరిగి చూసేలా పెంచింది. ఆ ఏడు విజయదశమికి మా ఊళ్ళో జరిగే బండలాగుడు పోటీలో మొదటిసారి వాటిని దించాలని నిర్ణయమైంది. చిన్నాయనకు సెలవు దొరకలేదు.

బండలాగుడు చూడనివాళ్ళకు కొంచెం చెప్పాలి. పొడవాటి గాడిలో ఇసుక పోసి, పెద్ద రాతిబండకు గొలుసు కట్టి, దాన్ని ఎద్దుల జతతో లాగిస్తారు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ అడుగుల దూరం లాగితే దానిదే గెలుపు. వేలమంది వస్తారు. వచ్చినవాళ్ళందరి చేతుల్లో ఫోన్లుంటాయి కాబట్టి ఊళ్ళో ఉన్న ఒక్క టవరూ ఊపిరాడక నోరు తెరిచేస్తుంది. వీడియో కాలు చేస్తే బొమ్మ బిగుసుకుపోతుంది. పోయినేడు ఎవరికి తోచిన అడుగులు వాళ్ళు గ్రూపులో పెడితే కువైట్‌లో ఒకే గదిలో ఉండే మా ఊరివాళ్ళు రెండు జట్లుగా విడిపోయి మాట్లాడుకోవడం మానేశారు. అందుకని మామకు ఒక ఆలోచన వచ్చింది. పాప దగ్గర సర్వరుంది. దాంట్లో ఒక పేజీ పెడదాం. మైకులో చెప్పిన అడుగులు చెప్పినట్టు పాప ఎక్కిస్తుంది. కువైట్‌లో వాళ్ళు అంకెలు చూసుకుంటారు. అంకెలకు టవరు బలం పెద్దగా అవసరం లేదు. మాట ఊరంతా పాకింది. చిన్నాయన నాకు ఫోను చేసి మరీ చెప్పాడు, వీడియోలొద్దు, ఎవరి కబుర్లూ వద్దు, మన ఎడ్లు లాగేటప్పుడు ఎంతదాకా పోయినాయో ఎప్పటికప్పుడు తెలిస్తే చాలని. ఆ పూట అడిగి సెలవు పెట్టుకోలేడు గానీ, యజమానురాలిని దుకాణం దగ్గర దించి కారులో కూర్చొని చూసుకుంటాడట. సరే చిన్నాయనా, భారం నాది అన్నాను. పేజీ తయారుచేసి, వాళ్ళందరికీ ముందే ఆ పేజీ పేరు పంపి, తెరిచి చూడమన్నాను. అందరికీ తెరుచుకుంది. పెద్దోడు, చిన్నోడు ఫొటో పైన పెట్టాను. చిన్నాయన ఆ ఫొటో చూస్తూ కూర్చున్నాడని చిన్నమ్మ చెప్పింది.

పండగకు ముందురోజు ఆయుధ పూజ. మామ కొట్టులో దానంత పెద్ద పండగ ఇంకొకటి లేదు. లేతు మిషను, వైండింగు మిషను, సుత్తులు, పట్టకార్లు, బైకు, తూకపు కాటా, అన్నిటినీ కడిగి గంధం, కుంకుమ పెట్టి, బొరుగులూ బెల్లమూ పంచి, బూడిద గుమ్మడికాయ పగలగొడతారు. ఆ రోజు కొట్టులో ఏదీ తిరగకూడదు. తిరిగే మిషనుకు బొట్టు పెట్టడం మామ దృష్టిలో అపచారం; ఏడాదంతా చాకిరీ చేసినదాన్ని ఆ ఒక్కరోజూ ముట్టుకోకూడదు. కిందంతా ముగించుకొని గంధం గిన్నెతో, వెనక పనివాళ్ళతో మేడ మీదికి వచ్చాడు. లాప్‌టాప్‌కు పెట్టాడు, ఇంటర్నెట్టు డబ్బాకు పెట్టాడు, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీకి పెట్టాడు. అంతా అయ్యాక, అసలు మిషన్ ఏదని అడిగాడు. బొంబాయిలో ఉంది కదా మామా అన్నాను. ఇప్పుడు తిరుగుతోందా అన్నాడు. రాత్రనక పగలనక తిరుగుతూనే ఉంటుందని గొప్పగా చెప్పాను. ఆయన గంధం గిన్నె పట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

"మన కింద పనిజేసే మిషనే గదమ్మా అది గూడా," అన్నాడు చివరికి. "పండగ పూట దానికొక్క పొద్దు సెలవు ల్యాకుంటే ఎట్ల?"

ఇంతకంటే ధర్మమైన మాట నేను ఆ గదిలో వినలేదు. పైగా నాలో ఇంకో దురద కూడా ఉంది. ఇంత మంది ముందు, కడపలో కూర్చొని బొంబాయి మిషన్‌ను ఒక్క వేలితో ఆపి చూపించే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది? స్కూళ్ళ వెబ్‌సైట్లు పండగ పూట ఎవరు చూస్తారు, పోటీ రేపు కదా. నేను కుర్చీ సర్దుకొని, అందరినీ దగ్గరికి రమ్మని, 'ఆపు' అన్న మీట మీద బాణం పెట్టాను. ఏదో హెచ్చరిక వచ్చింది. చిన్న అక్షరాల్లో రెండు మూడు వరుసల ఇంగ్లీషు. ఇలాంటివి చదవకుండా సరే అనేయడం అప్పటికే నాకు చేయి తిరిగిన విద్య. అన్నాను. ఆకుపచ్చ చుక్క పసుపైంది, ఎర్రనై నిలిచిపోయింది. పనివాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మామ బొంబాయి ఎటు వస్తుందో అడిగి, వాయవ్యం వైపు తిరిగి, కళ్ళు మూసుకొని హారతి ఇచ్చాడు. తర్వాత తెర మీద ఆ ఎర్ర చుక్క పక్కనే కుంకుమ బొట్టు పెట్టాడు. నాకు ఒళ్ళు పులకరించింది. దేశం మొత్తం మీద ఇంత గౌరవంగా ఆగిన సర్వరు ఇంకొకటి ఉండదని ఇప్పటికీ నా నమ్మకం.

మర్నాడు పొద్దున్నే వర్జ్యం దాటాక మంచి గడియ చూసి మామ తలూపాడు, నేను 'నడుపు' మీట నొక్కాను. ఆకుపచ్చ చుక్క వెలిగింది. అంతా చప్పట్లు కొట్టారు. వెబ్‌సైటు తెరిచి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. చుక్క పచ్చగా ఉంది, కింద మామ బైకు హారను కొడుతున్నాడు, ఆలస్యమైతే దారిలో దుర్ముహూర్తం తగులుతుందట. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని, తల నిండా పూలు పెట్టుకొని, రాయచోటి దారి పట్టాను. ఎండిన గుట్టలూ, దానిమ్మ తోటలూ, మామిడి తోటలూ వెనక్కి పోతుంటే నాకు ఒకటే ఉత్సాహం. దారి పొడవునా మామకు సర్వర్ల గురించి ఉపన్యాసం ఇచ్చాను. ఆయన గాలికి ఏమీ వినపడక అన్నిటికీ సరేనన్నాడు.

మైదానం అప్పటికే నిండిపోయింది. ట్రాక్టర్ల ట్రాలీల మీద జనం, మిరపకాయ బజ్జీల వాసన, కొమ్ములకు రంగులేసుకొని వచ్చిన ఎడ్లు. నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక జతను చూడటానికే జనం తొక్కుకుంటున్నారు. చిన్నమ్మ మా జత దగ్గర నిలబడి పెద్దోడి చెవిలో ఏదో గొణుగుతోంది. తిడుతోందో ముద్దు చేస్తోందో తెలియదు, ఆమెకు రెండూ ఒకటే గొంతు. నేను స్టేజీ పక్కన బల్ల వేయించుకొని, అందరూ చూస్తుండగా పేజీ తెరిచాను. తెర అంతా నీలం. నీళ్ళు. ఆ నీళ్ళలో బంగారు రంగు చేపలు అటూ ఇటూ ఈదుతున్నాయి. ఎక్కడో ఎవరో అద్దాల తొట్టెలూ, పెంపుడు చేపలూ అమ్ముకునే దుకాణమది. పేరు తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను. మళ్ళీ చేపలే. అంతలో ఫోను మోగింది. కువైట్.

"పాపా, ఎడ్లు యాడ?" అన్నాడు చిన్నాయన. "నా ఫోన్లో చేపలు ఈదుతాండాయే."

ఒక్క నిమిషం ఆగు చిన్నాయనా అని పెట్టేశాను. నల్లతెర తెరిచి తాళంచెవి పెట్టి లోపలికి పోబోతే, ఇది నువ్వనుకునే మిషన్ కాదు, ఎవరో మోసం చేస్తూ ఉండవచ్చు, జాగ్రత్త అని పెద్దపెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో బెదిరించి బయటికి నెట్టేసింది. నాకు ఒక్కటే అర్థమైంది. రాత్రికి రాత్రి ఎవరో నా సర్వరులో దూరి, మా ఎడ్లను తోలేసి, చేపలు పోశారు. మామా, మన సర్వరును ఎవరో ఎత్తుకుపోయినారు అన్నాను, ఏడుపు గొంతుతో. మామ పంచె ఎగ్గట్టాడు. రాయచోటి స్టేషన్లో తనకు తెలిసినాయన ఉన్నాడనీ, ఇప్పుడే పోదామనీ లేచాడు. ఈలోగా పక్కనే ఉన్న మైకు పెద్దాయన మా మాటలు విన్నాడు. తప్పిపోయిన పిల్లలు, పడిపోయిన బండి తాళాలు, జారిపోయిన చెవికమ్మలు, ఏది పోయినా మైకులో చెప్పి దొరికించడం ఆయనకు ఏళ్ళ నాటి అలవాటు. నేను వద్దనే లోపల గొంతు సవరించుకున్నాడు.

"గమనిక. కడప మోటార్ల ఆయప్ప తెచ్చిన సర్వరు కనపడ్డంల్యా. ఎవురి కంటనన్నా బడితే స్టేజీ కాడికి తెచ్చి ఇయ్యవల్లని కోరుతాండాం."

జనం నిజంగానే కాళ్ళ కింద వెతికారు. మా ఊరివాళ్ళు పరాయి సొమ్ము ముట్టరు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. కాసేపటికే బల్ల మీదికి ఒక ఫోను ఛార్జరు, ఒక టార్చిలైటు, మూత లేని టిఫిన్ డబ్బా ఒకటి వచ్చి చేరాయి. ఒక ముసలాయన ఛార్జరును నా చేతిలో పెట్టి, ఇదేనేమో చూసుకోమ్మా, తడవలేదులే అని ధైర్యం చెప్పాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అవతల పాలపళ్ళ విభాగం, అంటే ఇంకా పళ్ళు మారని లేత ఎడ్ల పోటీ, మొదలైపోయింది. దాని తర్వాత రెండు పళ్ళు మారినవాటికి, రెండు పళ్ళ విభాగం. మా జత అందులోనే.

పోలీసుల దగ్గరికి తర్వాత పోదాం, ముందు బాడుగకు ఇచ్చినవాళ్ళ పేజీ తెరిచి చూడాలి, దానికి సిగ్నలు కావాలి అన్నాను. మైదానంలో ఆ పేజీ గిరగిరా తిరుగుతోందే తప్ప తెరుచుకోవడం లేదు. మామ లాప్‌టాప్ ఎత్తుకున్నాడు, ఇద్దరం మైదానం వెనకున్న గుట్ట ఎక్కాం. రాళ్ళ మీద జారుతూ, కంపచెట్లకు చీర కొంగు ఇచ్చుకుంటూ (పండగని ఆ రోజే చీర కట్టాను) పైకి చేరితే ఫోనులో గీతలు నిలబడ్డాయి. కింద గాడి మొత్తం కనిపిస్తోంది, మైకు స్పష్టంగా వినిపిస్తోంది. మామ తలపాగా విప్పి తెరకు నీడ పట్టాడు. పేజీ తెరుచుకుంది. నా సర్వరు ఉంది. పచ్చ చుక్కతో, నిమ్మకు నీరెత్తినట్టు, అక్కడే ఉంది. దాని పక్కన రాసి ఉన్న చిరునామా నంబరు మాత్రం నాకు తెలిసిన నంబరు కాదు.

అప్పుడు వెలిగింది. వెబ్‌సైటుకు పేరు ఒకటి ఉంటుంది, ఆ పేరు వెనక సర్వరు నంబరు ఒకటి ఉంటుంది. ఎవరు పేరు కొట్టినా ఆ నంబరు దగ్గరికే పోతారు. నంబరు ఎప్పటికీ మనదిగా ఉండాలంటే ముందే విడిగా అడిగి పెట్టుకోవాలి, నేను అడగలేదు. సర్వరును ఆపగానే ఆ నంబరును వెనక్కి తీసుకున్నారు, రాత్రి ఇంకెవరికో ఇచ్చారు, పొద్దున మనకు కొత్తది ఇచ్చారు. నిన్న చదవకుండా సరే అన్న ఆ చిన్న అక్షరాలు చెప్పింది ఇదే కాబోలు. దొంగలు లేరు మామా, పూజ కోసం ఆపాం కదా, అందుకని నంబరు మారిందని గబగబా చెప్పాను. మామ ఒక్క క్షణం ఆలోచించాడు.

"అంటే మనం ఖాళీజేసిన ఇంట్లోకి చేపలోళ్ళు బాడుగకు దిగినారు. మనమేమో కొత్తింట్లో ఉండాం, చుట్టాలంతా పాతింటికి పోతాండారు. అంతే గదా?"

అంతే. సరిగ్గా అంతే. నేను పేరు వెనక కొత్త నంబరు రాసేశాను. కానీ ఆ మార్పు లోకమంతా తెలియడానికి సమయం పడుతుంది. పాత నంబరును గుర్తుపెట్టుకున్న చోట్లన్నీ అది మరిచిపోయేదాకా చేపలనే చూపిస్తాయి. కింద మైకులో రెండు పళ్ళ విభాగం అన్నారు. మా జత పేరు చదివారు. మామ నా వైపు చూశాడు, నేను ఫోను వైపు చూశాను. పేరుతో పనేముంది? నంబరే కొడితే నేరుగా మన ఇంటికే రావచ్చు కదా. ఆ చుక్కల చుక్కల నంబరును చిన్నాయనకు పంపాను, చిన్నాయనా, పేరు వద్దు, ఈ అంకెలు ఉన్నవి ఉన్నట్టు కొట్టు అని రాసి. అది పోయిందో లేదో తెలియదు. జవాబు లేదు. నేను నల్లతెరలో కొత్త నంబరుతో లోపలికి పోయాను, ఈసారి తాళంచెవి నున్నగా తిరిగింది. సర్వరు దగ్గరికి ఎవరు వచ్చినా ఒక వరుస రాసుకుంటుంది; ఆ వరుసలు కనిపించేలా తెర తెరిచి పెట్టుకున్నాను. ఖాళీ. ఎవరూ లేరు. కింద గొలుసు తగిలిస్తున్నారు.

ఒక వరుస పడింది.

నేను అరిచిన అరుపుకు మామ తలపాగా జారవిడిచాడు. వచ్చినాడు మామా, చిన్నాయన వచ్చినాడు అంటూ ఆయన భుజం పట్టుకొని ఊపేశాను. ఆ నంబరు తెలిసినది లోకంలో మా ఇద్దరికీ, ఆయనకే. ఇంకొకరు వచ్చే దారే లేదు. కింద జెండా ఊగింది, ఎడ్లు కదిలాయి, బండ కదిలింది. మైకులో అడుగులు చెప్పగానే నేను కొట్టడం, కొట్టగానే ఒక వరుస పడటం. మళ్ళీ మైకు, మళ్ళీ నా వేళ్ళు, మళ్ళీ వరుస. అంత దూరాన కారులో కూర్చొని ఆయన వేలితో తెరను కిందికి లాగుతున్నాడు, లాగినప్పుడల్లా నా ముందు ఒక గీత పుడుతోంది. నేను రాయి మీద కూర్చున్నానో నిలుచున్నానో నాకు తెలియలేదు. మామ మాత్రం నేను ఎగురుతున్నానని, లాప్‌టాప్ పడుతుందని గోల పెడుతూ, తాను కూడా ఎగురుతున్నాడు.

గాడి సగంలో పెద్దోడు నిలబడిపోయాడు. తోలేవాళ్ళు అరుస్తున్నారు, జనం ఈలలు వేస్తున్నారు, వాడు తల దించుకొని కదలడు. చిన్నోడు ఒక్కడే మెడ చాచి గుంజుతున్నాడు. మైకు ఆగిపోయింది. కొట్టడానికి నా దగ్గర కొత్త అంకె లేదు. తెర మీద మాత్రం వరుసలు ఆగలేదు, ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి పడిపోతూనే ఉన్నాయి. నేను వాటిని చూడలేకపోయాను. ఏమని చెప్పను ఆయనకు? అంకె పెట్టే చోటు తప్ప ఆ పేజీలో మాటలు రాసే చోటే నేను పెట్టలేదు. అప్పుడు జనం గాడిలోకి రాకుండా కట్టిన తాడు పక్కన ఎర్రచీర ఒకటి కనిపించింది. చిన్నమ్మ. తాడు దాటలేదు, చేయి చూపలేదు, ఊరికే అక్కడికి నడిచి వచ్చి నిలబడి పెద్దోడి వైపు చూసి ఏదో అంది. గుట్ట మీదికి వినపడలేదు. వాడు చెవులు ఆడించాడు, ముందుకాలు ఇసుకలో గుచ్చాడు, బండ మళ్ళీ కదిలింది. మైకు పెద్దాయన గొంతు బొంగురుపోయింది. నేను అంకెలు కొడుతూ ఏడుస్తున్నాను, అది నాకు తర్వాత తెలిసింది.

సమయం అయిపోయింది. మా జతకు మొదటి బహుమతి రాలేదు, రెండోదీ రాలేదు. నంద్యాల జత మమ్మల్ని చాలా వెనక వదిలేసింది. చివరి అంకె కొట్టాను. ఒక వరుస పడింది. తర్వాత ఏమీ లేదు. తెర అలాగే ఉండిపోయింది. మామ, మళ్ళీ చేపలొచ్చాయేమో చూడమన్నాడు. లేదు మామా, అంతా బాగానే ఉందన్నాను. అప్పుడు ఫోను మోగింది. ఎత్తాను.

"అంకె కదలకుండా నిలబడిపాయె సూడు పాపా," అన్నాడు చిన్నాయన. "అప్పుడే అనుకుంటి, పెద్దోడు అలిగినాడని. దూడప్పుడు గూడా వాడంతే. నా చేతుల మీద నడిచేటప్పుడు గూడా అంతే. మీ చిన్నమ్మను వాన్ని తిట్టొద్దని జెప్పు."

నేను సరేనన్నాను. ఆయన ఎడ్లను చూడలేదు, గాడిని చూడలేదు, చిన్నమ్మ వచ్చి నిలబడటం చూడలేదు. ఒక అంకె కదలకపోవడం చూసి తన ఎద్దును గుర్తుపట్టాడు. యజమానురాలు వస్తోందని చెప్పి ఫోను పెట్టేశాడు. (ఇంత సంబరంలో ఆ నంబరును కువైట్‌లో మిగతావాళ్ళకు పంపడం నేను మరిచిపోయాను. పోటీ అంతా వాళ్ళు చేపలనే చూశారు. ఆ గదిలో రెండు జట్లూ కలిసి నన్ను తిట్టుకుని, ఆ తిట్లలో మళ్ళీ మాటలు కలుపుకున్నారని తర్వాత తెలిసింది.)

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాకు ఉద్యోగం వచ్చింది. సర్వరు పెట్టగానే మొదట నంబరును కట్టిపడేస్తాను, హెచ్చరికలు చివరి అక్షరం దాకా చదువుతాను. నేను ఆపమన్నా ఆగకుండా అడ్డుపడే ఏర్పాట్లు కూడా చేసిపెట్టుకున్నాను. మా ఆఫీసులో పెద్ద తెర ఒకటుంది. దాని మీద వచ్చేవాళ్ళ వరుసలు జల్లులా రాలుతూనే ఉంటాయి, కంటికి ఆనవు. అన్నీ సజావుగా ఉన్నాయని పై అధికారులు మెచ్చుకుంటారు, నేనూ తలూపుతాను. అప్పుడప్పుడు పని లేనప్పుడు ఆ జల్లులో ఒక్క వరుసనైనా పట్టుకొని ఇది ఎవరిదో అనుకుంటాను, అంతలో అది తెర దాటి పోతుంది. చీర కంపకు చిరిగి, పూలన్నీ రాలిపోయి, ఒక్క గీత పడిందని గుట్ట మీద గంతులేసిన ఆ పిల్ల గుర్తొస్తే ఎంత అమాయకంగా ఉండేదానివే అని నవ్వుకుంటాను. కానీ వచ్చింది ఎవరో ఆమెకు తెలుసు. నాకు తెలియదు.